రెండు పికప్పులూ తెరిచినప్పుడు

మా ఆవిడ చెవులు పైనుంచి కిందికి పోయాయి. అంటే ముందు సన్నని చప్పుళ్ళు పోయి, తర్వాత లావువి పోతూ వచ్చాయి. మొదట గోడ గడియారం. తర్వాత గిన్నెలో చెంచా, ఫోను. ఆ తర్వాత మా అమ్మాయి గొంతు. నాది బొంగురు గొంతు కనక ఇంకొన్నాళ్ళు ఆగింది. కుడిచెవి పూర్తిగా మూసుకుపోయాక డాక్టరు ఎడమచెవికి పరీక్ష చేసి ఒక గీత చూపించాడు. అది కాగితం మీద ఎడమ చివర కాస్త ఎత్తుగా ఉంది. అక్కణ్ణుంచి బావిలోకి బొక్కెన దిగినట్టు దిగిపోయింది. ఆ ఎడమ చివరి ముక్కే లావు శబ్దాలట. అవి ఇంకా కొంచెం మిగిలాయన్నాడు.

లావు శబ్దం నా పని. నేను ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాణ్ణి. ఆవిడ పాడేది. మా పెళ్ళి అక్కడే కుదిరింది. నాకు మాటలు తక్కువ. ఆర్కెస్ట్రాలో నన్ను మూగాయన అనేవాళ్ళు. ఇంట్లోనూ అంతే. పోట్లాడుకుంటే ఆవిడ వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు ఎత్తి పడేసేది. నేను ముందుగదిలో గిటార్ తీసి, ఆవిడ పాడే పాట ఒకటి ఎత్తుగడ దాకా వాయించి ఆగేవాణ్ణి. కాసేపటికి లోపల్నుంచి ఆ పాట అందుకునేది. అంతటితో పోట్లాట అయిపోయినట్టు. తప్పు నాదైనా ఆవిడదైనా మా ఇంట్లో క్షమాపణ ఇలాగే జరిగింది. నోటితో నేను ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. తల ఎముకలో చిన్న పరికరం పెట్టి, దాని తీగని చెవి లోపలికి పంపుతారు. కొన్నాళ్ళు అలవాటు పడితే మనుషుల మాట అర్థమవుతుంది. కాకపోతే మిగిలిన ఆ కాస్త వినికిడి చాలావరకు పోతుంది. సంగీతం సంగతేమిటని అడిగాను. ఆయన మంచివాడు, దాచలేదు. అది మాట కోసం చేసిన పరికరమనీ, లావు స్వరాలు దానికి సరిగా అందవనీ, నా వాయిద్యం ఆవిడకి ఎవరో చెక్క మీద తట్టినట్టు ఉంటుందనీ చెప్పాడు. ఆలస్యం చేస్తే తల మాటని మరిచిపోతుందని కూడా అన్నాడు. అయితే మిగిలింది ఇంట్లో దేనికైనా పనికొస్తుంటే కొన్నాళ్ళు ఆగవచ్చట. గీత అంతా చెప్పదు, రోజూ పక్కనుండేది మీరు, వచ్చే పరీక్షనాటికి చూసి చెప్పండి అన్నాడు.

నేను ఆ ఒక్క మాట పట్టుకున్నాను. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

నా పాత గిటార్ అటక మీదనుంచి దించాను. దానికి ఒకే పికప్, రెండు ముక్కలుగా, ఒకటి కొంచెం అటు, ఒకటి కొంచెం ఇటు జరిపి ఉంటుంది. పికప్ అంటే తీగల కింద ఉండే నల్లని చిన్న పెట్టె. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత రాగి తీగ. పైన గిటార్ తీగ కదిలితే అది పట్టుకుని స్పీకర్‌కి పంపుతుంది. గిటార్ ఒకటే అయినా, పికప్ ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో దాన్ని బట్టి గొంతు మారిపోతుంది. తీగ నడుమ దగ్గర వెడల్పుగా ఊగుతుంది. చివర బిగుసుకుని వణుకుతుంది. ఊగే చోటుకి దగ్గరగా పికప్ పెడితే శబ్దం లావు, వణికే చోట పెడితే పదును. ఇంతే దాని శాస్త్రం. ఇంతకన్నా నాకు తెలియదు.

ఆవిడని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, లావు తీగ మీటాను. ఆవిడ తల ఊపింది. వినపడిందా అని పెదవులు కదిలించి అడిగాను. మీసం అప్పటికే తీయించేసింది మా అమ్మాయి, అమ్మకి పెదవులు కనపడాలని. కనపడ్డాయి గానీ చదవడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆవిడ మళ్ళీ తల ఊపి, గోడకవతల ఎవరో మంచం జరుపుతున్నట్టుంది అంది. తన గొంతు తనకి వినపడదు కనక గట్టిగా అరిచినట్టే అంటుంది.

ఆ రోజు నాకు అన్నం సహించింది.

మరునాడు బావమరిది దుకాణానికి వెళ్ళాను. వాడు ఆవిడ తమ్ముడు. వాయిద్యాలు అమ్ముతాడు, పాతవి బాగుచేయిస్తాడు. రకరకాల పికప్పులున్న బేస్‌లు కావాలన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. వాడు రెండు దించి తుడుస్తూ, నావైపు చూడకుండా అన్నాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాను బావా. మూడు రకాల శంఖాలు తెచ్చి ఏది బాగుందని అడగడం మాత్రం నీ దగ్గరే చూస్తున్నా."

 వాడు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. తుడవాల్సిన దుమ్ము ఎప్పుడో పోయింది. చిన్నప్పుడు అక్క పాటకి డప్పు కొట్టినవాణ్ణి నేనే అని కాసేపటికి గొణిగాడు. తీసుకెళ్ళు, ఎన్నాళ్ళైనా ఉంచుకో అన్నాడు. తెచ్చిన వాటిలో ఒకదానికి వెనక పికప్ పలకడం లేదనీ, ఏదో తీగ ఊడి ఉంటుందనీ, చూసుకోమనీ చెప్పాడు.

అలా మూడు చేరాయి ముందుగదిలో. ఒకటి నా ఒంటి పికప్‌ది. రెండోదానికి రెండు సన్నని పికప్పులు, ముందొకటి, వెనకొకటి, దేని శబ్దం పెంచి తగ్గించే మీట దానిదే. మూడోదానికి ఒకటే గాని లావుపాటిది, లోపల జంట చుట్లు, తీగలు కట్టిన చివరికి దగ్గరగా ఉంటుంది. దానికి బ్యాటరీ కూడా కావాలి.

నేను వాటి గొంతులు అంత పట్టి పట్టి విన్నది వయసులో కూడా లేదు. నా పాతది నిండు బిందె నీళ్ళలో దిగుతున్నట్టు పలుకుతుంది. దాన్ని ఎంత పాడుచేసినా పాడవదు, ఎంత బాగుచేసినా బాగుపడదు. ఒక మాట మీద ఉండే మనిషి లాంటిది. జంట చుట్లది వేరు. తలుపు మీద గుప్పిటతో గుద్దినట్టు ముందుకొచ్చి పడుతుంది, దెబ్బ ఎక్కువ, అడుగున నీడ తక్కువ. రెండు పికప్పులది, రెండూ బాగున్నప్పుడైతే, రెండు నాలుకల మనిషి. ముందుదాని మీట ఒక్కటే తెరిస్తే పడిశం పట్టినట్టు బొంగురుగా, వెనకది ఒక్కటే తెరిస్తే ముక్కుతో మాట్లాడినట్టు. ఏదో ఒక్కటే తెరిచినప్పుడు వెనకాల దోమ పాడినట్టు ఒక జుమ్మనే రొద కూడా ఉంటుంది. రెండూ పూర్తిగా తెరిస్తే ఆ రొద చచ్చిపోతుంది. అప్పుడు అడుగు నిండుగా, పైన తేటగా, నడుమ కొంచెం ఖాళీగా, ఇంకే గిటార్‌కీ రాని గొంతొకటి వస్తుంది. ఈ సంగతి ఆవిడకి కొత్త కాదు. రెండూ తెరిస్తే నిండు అని వయసులో నేనే చెప్పాను. నేను ఆవిడతో చెప్పిన బహుకొద్ది సంగతుల్లో అదొకటి.

రోజూ పొద్దున టిఫిన్ కాగానే కూర్చునేవాళ్ళం. ఒక్కోటి వాయించి అడిగేవాణ్ణి. ఇదెలా ఉంది, దానికన్నా నయమా, మెత్తగా ఉందా, దగ్గరగా ఉందా దూరంగా ఉందా. పెదవులు అందకపోతే పలక మీద రాసేవాణ్ణి. నా రాత కోడి గీరినట్టుంటుంది, ఆవిడ నవ్వేది. ఆవిడ జవాబులు మాత్రం తడుముకోకుండా చెప్పేది. పాతది గుండ్రంగా ఉందనేది. జంట చుట్లది గుద్దుతోందనేది. అన్నీ సరిపోయేవి. ఒకసారి స్పీకర్ మీద చెయ్యి వేయబోతే తీసేశాను. చెయ్యి వేస్తే రాయికైనా తెలుస్తుంది. అది వినడం కాదు.

నాకు ఆశ ముదిరింది. ఏ పికప్ అయితే ఆవిడకి బాగా అందుతుందో తేలితే, దాన్ని ఇంకా లోతుగా చుట్టించి, స్పీకర్ మార్చి, ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు లాగవచ్చని లెక్క వేసుకున్నాను.

మా అమ్మాయికి ఇది నచ్చలేదు. ఆ మధ్య ఆవిడ వీధి దాటుతుంటే వెనక్కి వస్తున్న బండి దాదాపు మీదికొచ్చింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట. కూరలమ్మే మనిషి చెయ్యి పట్టి లాగకపోతే ఏమయ్యేదో. ఇంకోసారి కుక్కరు కూత మీద కూత వేసి అడుగంటి మాడింది, ఆవిడ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. ఇవన్నీ చెప్పి చెప్పి, నేను పలక్కపోయేసరికి, ఆ రోజు అమ్మాయి గిటార్ మెడ పట్టుకుని ఆపింది.

"నాన్నా, అమ్మకి వినపడాల్సింది బండి హారన్. నీ గిటార్ కాదు."

అమ్మకి వినపడుతోంది, నువ్వే అడుగు అన్నాను. అమ్మాయి తల్లివైపు తిరిగింది. తల్లి ఇద్దరి మొహాలూ చూసి, వినపడుతోందే, నాన్నని ఏమీ అనకు అంది. అమ్మాయి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పులు కూడా గుమ్మం దాటాక వేసుకుంది.

ఆ మధ్యాహ్నం రెండు పికప్పుల గిటార్ విప్పాను. అంతదాకా దాని ముందు పికప్ ఒక్కటే వాడుతూ వచ్చాను. వెనకది పలకడం లేదు కదా. లోపల చూస్తే వెనక పికప్ తీగలు రెండూ ఊడి వేలాడుతున్నాయి. పాతబడి రెండూ ఒకే మసి రంగులో ఉన్నాయి. కళ్ళద్దాలు తుడుచుకుని, టంకం పెట్టి, మూత బిగించాను. వెనకదాని మీట ఒక్కటే తెరిచి మీటాను. ముక్కుతో పలికింది. ముందుది ఒక్కటే తెరిచాను. అదీ పలికింది. బాగుపడిందనుకున్నాను. రెండూ కలిపి చూడలేదు. ఆ సుఖం ఆవిడ ఎదురుగానే పడదామని ఆగాను.

ఆవిడని పిలిచి కూర్చోబెట్టాను. ముందుది వినిపించాను, బొంగురు అంది. వెనకది వినిపించాను, ముక్కుతో అంటోంది అంది. అప్పుడు ఆవిడ చూస్తుండగా రెండు మీటలూ చివరిదాకా తిప్పి, లావు తీగ గట్టిగా మీటాను.

శబ్దం రాలేదు. అంటే, వచ్చింది. రేకు డబ్బాలో చీమ నడిచినట్టు సన్నగా గీరింది. అడుగన్నది లేదు. ఎవరో అడుగునంతా గరిటెతో తోడేసి పైన తొక్కు మిగిల్చినట్టుంది.

నాకు వెంటనే అర్థమైంది. తీగలు తారుమారు చేశాను. అటు పోవాల్సింది ఇటు పెట్టాను. అలా పెడితే ఏ పికప్‌కి ఆ పికప్ విడిగా బాగానే పలుకుతుంది. రెండూ కలిస్తే మాత్రం ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంది. లావంతా ఒకదాన్నొకటి తినేసుకుంటుంది. మా పనిలో అప్రెంటిసులు చేసే తప్పు.

చెయ్యి ఎత్తి ఆగమందామనుకున్నాను. అప్పటికే ఆవిడ కళ్ళు సగం మూసి తల ఊపుతోంది.

"ఇదండీ. అన్నిటికన్నా ఇదే బాగుంది. ఎంత నిండుగా ఉందో."

నేను తీగ మీద చెయ్యి అలాగే ఉంచాను. 

స్టేజి మీద పాడేవాళ్ళకి వాళ్ళ గొంతు వాళ్ళకే సరిగా వినపడదు. స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి, వెనక డ్రమ్ములు చెవులకి చిల్లులు పొడుస్తుంటాయి. అందుకని చాలామంది బేస్ వాయించేవాడి చేతులు చూసి పాడతారు. వేలు ఏ గడిలో పడిందో చూస్తే శ్రుతి తెలుస్తుంది, ఎప్పుడు పడిందో చూస్తే ఎత్తుగడ తెలుస్తుంది. ఆవిడ అందులో ఆరితేరింది. జీవితమంతా నా చేతులు చూస్తూ పాడిన మనిషిని, నా చేతులకెదురుగా కూర్చోబెట్టి, వినపడుతోందా అని నేను పరీక్ష పెట్టాను. ఏ గిటార్ పట్టుకున్నానో చూసింది, ఏ మీట తిప్పానో చూసింది, నేను ఎప్పుడో చెప్పిన మాటలే నాకు అప్పజెప్పింది. ఇంకొకడైతే మొదటిరోజే వీపు తిప్పి కూర్చోమనేవాడు.

అయినా నేను నమ్మలేదు. నమ్మడానికి ఒప్పుకోలేదు. తీగలు సరిచేశాను. టంకం రెండుసార్లు కారింది. ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్ళింది. గుమ్మానికి వీపు పెట్టి, కత్తిపీట ముందేసుకుని బీన్స్ తరుగుతోంది. నేను స్పీకర్ పెట్టెని ఈడ్చుకెళ్ళి వంటగది గుమ్మం బయట పెట్టాను.

నా పాతది తగిలించి లావు తీగ మీటాను. ఆవిడ తరుగుతోంది. శబ్దం పెంచాను. అల్మారాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆవిడ తరుగుతోంది. గుద్దే గిటార్ తీసుకున్నాను. ఒక్కో దెబ్బకీ కిటికీ రెక్క అదిరింది. ఆవిడ ఒక పుచ్చిన బీన్స్ కాయ ఏరి పక్కన పెట్టింది. రెండు పికప్పులది తీసుకున్నాను. ముందుది, వెనకది, రెండూ. ఇప్పుడది పలకాల్సినట్టే పలికింది, అంత నిండుగా నేనెన్నడూ వినలేదు. లావు తీగని ఇంకా వదులు చేసి, స్వరం ఇంకా కిందికి దింపి మీటాను. స్పీకర్ మూలిగింది. ఆవిడ పాట ఎత్తుగడ వాయించాను. మా పోట్లాటలన్నీ తీర్చిన ఆ ఎత్తుగడ. వాయించి ఆగాను. అందుకోలేదు. మళ్ళీ వాయించాను. మళ్ళీ. వేలి తోలు లేచింది. లోపల కత్తిపీట మీద కరుక్కు, కరుక్కు అని, అంతే.

పైవాటా ఆవిడ మెట్లు దిగి వచ్చేసింది. గోడమీద ఫొటో పడిపోయింది బాబాయిగారూ, మీకేమైనా అయిందా అని అడుగుతూ తిన్నగా వంటగది దాకా వెళ్ళింది. ఆవిడ నీడ కత్తిపీట మీద పడితే మా ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. గుమ్మంలో స్పీకర్ పెట్టెని చూసింది. నా మెడలో గిటార్ చూసింది. నా మొహం చూసింది.

పైవాటా ఆవిడ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మా ఆవిడ కత్తిపీట పడుకోబెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, వచ్చి నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

మొదటిరోజు నిజంగానే వినపడిందని చెప్పింది. ఆ మంచం జరిపినట్టు చప్పుడు నిజమేనట. తర్వాత వారం అది కూడా లేదట. ఎందుకు చెప్పలేదని అడిగాను. తల కోయించుకోవడం భయం అంది. కాసేపు నేల గీకింది. తర్వాత అసలు మాట చెప్పింది. అరవకుండా చెప్పాలని ప్రయత్నం చేసింది, గొంతు ఎక్కడెక్కడికో పోయింది.

"పెళ్ళయ్యాక మీరు నాతో ఇన్ని మాటలు ఎప్పుడు మాట్లాడారండీ? ఎలా ఉంది, ఏమనిపిస్తోంది, దగ్గరగా ఉందా అని పొద్దున్నే కూర్చోబెట్టి అడుగుతుంటే... వినపట్లేదంటే ఆపేస్తారు కదా."

 నా జవాబు ఎప్పుడూ గిటార్ మీదే ఉండేది. అది ఆవిడకి చేరదు. మనిషి ఎదురుగా ఉంది, దారి తెగిపోయింది. నేను ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. వేలి నెత్తురు చీరకి అంటింది. ఆవిడ అది చూసి లేచి పసుపు తెచ్చి అద్దింది. పొయ్యి మీద నీళ్ళు మరిగిపోతున్నాయని నేనే చెయ్యి చూపించాల్సి వచ్చింది.

పరీక్షరోజు అమ్మాయి రాలేదు. ఆఫీసులో సెలవు దొరకలేదంది. నాతో గొడవ పడే ఓపిక లేక అని నాకు తెలుసు. ఆవిడని అద్దాలగదిలో కూర్చోబెట్టి చెవులకి యంత్రం తగిలించి పరీక్ష చేశారు. డాక్టరు కొత్త కాగితం చూశాడు. గీత ఎడమ చివర ఇంకా రవ్వంత కనపడుతోందనీ, యంత్రం అంతకన్నా చెప్పలేదనీ, ఆవిడనడిగితే వినపడుతోందనే అంటుందనీ అన్నాడు. ఇంట్లో సంగతి మీరు చెప్పాలి అని నావైపు తిరిగాడు.

ఇప్పుడు నేను అవునంటే ఇంకో పరీక్షదాకా ఆపరేషన్ ఆగుతుంది. ఇంటికెళ్ళి పొద్దున్నే కూర్చోవచ్చు. ఆవిడ నా చేతులు చూస్తుంది, నేను అడుగుతాను, ఆవిడ చెబుతుంది. ఇద్దరికీ తెలిసిన అబద్ధం ఇంకెవరికి అడ్డం? బండి హారన్‌కి అడ్డం. 

"వినపట్లేదు డాక్టర్. లావు శబ్దం కూడా లేదు. నేను వెనకనుంచి వాయించి చూశాను."

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, పరికరం పెట్టాక మాట వస్తుందనీ, మీ వాయిద్యం సంగతి మాత్రం ముందే చెప్పాను, గుర్తుంచుకోండనీ అన్నాడు. గుర్తుందన్నాను.

మా ఆవిడ నా చొక్కా చెయ్యి లాగింది. ఏమన్నాడండీ అని అడిగింది. గది బయటివాళ్ళు కూడా తొంగిచూసేంత గట్టిగా.

పలక తీయలేదు. కుర్చీ ఆవిడవైపు జరుపుకుని, మొహం మీద వెలుగు పడేలా కూర్చున్నాను. ఒక్కో మాట విడివిడిగా పలికాను. తల ఎముకలో పెడతారు. నొప్పి ఉంటుంది, తగ్గుతుంది. అమ్మాయి మాట వినపడుతుంది, తమ్ముడి మాట, వీధిలో బండి, పొయ్యి మీద కుక్కరు. మొదట్లో అందరూ రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటారట, తర్వాత సర్దుకుంటుందట. నా మాట కూడా వినపడుతుంది. నా గిటార్ మాత్రం ఇక ఎప్పటికీ వినపడదు.

అంత పొడుగు మాట నేను ఎవరితోనూ చెప్పి ఎరగను. ఆవిడ నా పెదవులమీదే కళ్ళు పెట్టుకుని చూసింది. చివర్న కనుబొమలు ముడిచింది.

"ఆఖర్న ఏమన్నారు? అందలేదు. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను. నా గిటార్ నీకు ఇక ఎప్పటికీ వినపడదు.

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"అది పోయిందిగా. ఎప్పుడు చేస్తాడో అడగండి."

అడిగాను.